‘ఇంటి దగ్గరే ఉంటోంది’: లెక్కకు రాని నిరుద్యోగం

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో నాకిచ్చిన అంశం ‘యువత – ఉపాధి – నిరుద్యోగం’. ఈ మాట వినగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ కదులుతుంది. సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే యువకుడు, సాయంత్రం టీ కొట్టు దగ్గర స్నేహితులతో నిలబడి ‘ఇంకా ఏమీ రాలేదురా’ అనే యువకుడు. మన కథల్లో, సినిమాల్లో, పార్టీల ఉపన్యాసాల్లో నిరుద్యోగి అంటే అతనే. అతని బాధ నిజమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ అదే డిగ్రీ, అదే సంవత్సరం, అదే కాలేజీలో పాసైన అతని చెల్లెల్ని ఏమంటున్నాం? ‘ఇంటి దగ్గరే ఉంటోంది’ అంటున్నాం. ‘సంబంధాలు చూస్తున్నాం’ అంటున్నాం. ఆ అమ్మాయిని నిరుద్యోగి అని ఎవరూ అనటం లేదు. ఆమె కూడా అనుకోవటం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. యువతుల నిరుద్యోగం మన సమాజంలో ‘ఇంటిపని’ అనే పేరు కింద మాయమైపోతోంది. లెక్కలోకి రాని వాళ్ళ కోసం ప్రభుత్వం పథకాలు వెయ్యదు, పార్టీలు హామీలు ఇవ్వవు. ఆఖరికి మనలాంటి సంఘాలు కూడా డిమాండ్ల పత్రంలో వాళ్ళ కోసం ఒక వాక్యం రాయటం మర్చిపోతాయి. అందుకని ముందు లెక్క ఎలా కడతారో చూద్దాం. కాస్త విసుగ్గా ఉన్నా ఓపిక పట్టండి, ఇందులోనే అసలు విషయం ఉంది.

లెక్క ఎలా కడుతున్నారు?

మన దేశంలో ఉద్యోగం, నిరుద్యోగం గురించి ప్రధానమైన ప్రభుత్వ లెక్క పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే నుంచి వస్తుంది. ఇది 2017లో మొదలయింది. అంతకు ముందు జాతీయ శాంపిల్ సర్వే సంస్థ సుమారు అయిదేళ్ళకొకసారి పెద్ద సర్వే చేసేది. ఇంటికొచ్చిన మనిషి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక కోడ్ వేస్తారు. సొంతంగా వ్యాపారమో సేద్యమో చేసుకుంటే 11. కుటుంబ వ్యాపారంలో, సేద్యంలో జీతం లేకుండా సాయపడితే 21. నెల జీతం ఉంటే 31. కూలికి పోతే 51. పని కోసం వెతుకుతుంటే, లేదా వెతకకపోయినా పని దొరికితే చెయ్యటానికి సిద్ధంగా ఉంటే 81. ఈ 81 వాళ్ళే నిరుద్యోగులు. చదువుకుంటుంటే 91. ఇంటి పనులు మాత్రమే చేసుకుంటుంటే 92. ఇంటి పనులతో పాటు కట్టెలు తేవటం, పశువులకు మేత తేవటం, ఇంటి మనుషులకు బట్టలు కుట్టటం లాంటివి చేస్తుంటే 93.

ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి రెండేళ్ళుగా ఇంటి దగ్గర ఉన్న అమ్మాయి ఇంటికి సర్వే వాళ్ళు వచ్చారనుకోండి. బయట అరుగు మీద తండ్రి కూర్చుని ఉంటాడు. జవాబులన్నీ ఆయనే చెప్తాడు. ‘పెద్దోడు హైదరాబాదులో కోచింగ్ తీసుకుంటుండు. బిడ్డ ఇంటికాడనే ఉంటది.’ కొడుక్కి 81 పడుతుంది, లేదా 91 పడుతుంది. కూతురికి 92 పడుతుంది. ఆ అమ్మాయి లోపల వంట చేస్తూ ఈ మాటలు వింటూనే ఉంటుంది. ఆమెను ఎవరూ ‘పని దొరికితే చేస్తావామ్మా?’ అని అడగలేదు.

నిబంధన ప్రకారం చూస్తే, పని దొరికితే చేస్తానని ఆమె చెప్పి ఉంటే ఆమెకు కూడా 81 పడాలి. అంటే నిర్వచనంలో చోటు ఉంది. చోటు లేనిది ప్రశ్న అడిగే పద్ధతిలో, జవాబు చెప్పే మనిషిలో. ఆడపిల్లకు ఇంటిపని ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆమె ఎప్పుడూ ‘ఖాళీ’గా ఉండదు. ఖాళీగా లేదు కనుక నిరుద్యోగి కాదు. అలాగని జీతం లేదు కనుక ఉద్యోగీ కాదు.

ఒక్కసారి 92 పడిందంటే ఏమవుతుందో చిన్న లెక్కతో చెప్తాను. ఇది ఊహించి వేసిన లెక్క, ఏ ఊరి లెక్కా కాదు. ఒక ఊళ్ళో 100 మంది యువతులున్నారు. 30 మంది ఏదో ఒక పని చేస్తున్నారు. అయిదుగురు పని వెతుకుతున్నారు. మిగతా 65 మందిలో కొందరు చదువుకుంటున్నారు, కొందరు ఇంటి దగ్గర ఉన్నారు. నిరుద్యోగ శాతం లెక్క కట్టేటప్పుడు 100 మందిని తీసుకోరు. పని చేసేవాళ్ళు, వెతికేవాళ్ళు కలిపి 35 మందిని తీసుకుంటారు. 35లో అయిదుగురు, అంటే సుమారు 14 శాతం. కానీ ఇంటి దగ్గరున్న వాళ్ళలో 20 మంది ‘పని ఇస్తే చేస్తాం’ అనేవాళ్ళే అనుకోండి. అప్పుడు 55 మందిలో 25 మంది, అంటే 45 శాతం నిరుద్యోగులు. ఊరు అదే, అమ్మాయిలు వాళ్ళే. ఒక్క ప్రశ్న అడగటం వల్ల 14 కాస్తా 45 అయింది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 2011–12లో జాతీయ శాంపిల్ సర్వే, ఇంటిపని మాత్రమే చేస్తున్నామన్న స్త్రీలను ఇంకో ప్రశ్న అడిగింది. ఇంటి దగ్గరే చేసుకునే పని దొరికితే చేస్తారా అని. గ్రామాల్లో సుమారు మూడో వంతు మంది చేస్తామన్నారు. ఇల్లు కదలకుండా చేసే పనికే ఇంతమంది సిద్ధపడ్డారు. సరైన బస్సు, సరైన జీతం, భద్రత ఉన్న బయటి పని గురించి అడిగి ఉంటే ఎంతమంది అనేవారో మీరే ఆలోచించండి.

ప్రశ్నను మార్చటం సాధ్యమేనా అని మీకు అనుమానం రావచ్చు. గతంలో మార్చారు. 1974లో వచ్చిన ‘సమానత్వం వైపు’ నివేదిక దగ్గర నుంచి, 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన ‘శ్రమశక్తి’ నివేదిక దాకా స్త్రీల పని లెక్కకు రావటం లేదని గట్టిగా చెప్తూనే వచ్చాయి. మహిళా ఉద్యమం, ఆర్థికశాస్త్రంలో పనిచేసే స్త్రీలు ఒత్తిడి పెట్టారు. ఆ ఫలితంగా 1991 జనాభా లెక్కల్లో ‘గత సంవత్సరం ఏమైనా పని చేశారా’ అనే ప్రశ్నలోనే ‘పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసే పనితో సహా’ అనే మాట చేరింది. ఆ ఒక్క మాట వెనక చాలామంది చాలా ఏళ్ళు చేసిన పని ఉంది.

పెరిగిన అంకెలు, అందని జీతం

ఈ మధ్య ప్రభుత్వం తరపున మాట్లాడేవాళ్ళు మనకు కొన్ని అంకెలు చూపిస్తున్నారు. వాటిని దాటవెయ్యకుండా చూడాలి. 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో పనిచేస్తున్న, పని వెతుకుతున్న వాళ్ళు 2017–18లో 23.3 శాతం. 2023–24కి అది 41.7 శాతం అయింది. 15 నుంచి 29 ఏళ్ళ వయసు వాళ్ళలో నిరుద్యోగం ఇదే కాలంలో 17.8 నుంచి 10.2 శాతానికి తగ్గింది. ఇవి సర్వేలో వచ్చిన అంకెలే, అబద్ధాలు కావు.

అయితే అదే సర్వేలో తర్వాతి పేజీలు కూడా చదవాలి. పనిచేసే స్త్రీలలో స్వయం ఉపాధి కింద లెక్కకొచ్చేవాళ్ళు 2017–18లో 51.9 శాతం, 2023–24లో 67.4 శాతం. ఈ స్వయం ఉపాధిలో ఎక్కువ భాగం ఇందాక చెప్పిన 21వ కోడ్. అంటే కుటుంబ సేద్యంలో, అంగడిలో జీతం లేకుండా సాయపడేవాళ్ళు. పనిచేసే స్త్రీలందరిలో వీళ్ళు 36.7 శాతం. నెల జీతం వచ్చే పనుల్లో ఉన్న స్త్రీల వాటా 21 శాతం నుంచి 16 శాతం దగ్గరకు పడిపోయింది.

తండ్రి పొలంలో మిరప కోసే అమ్మాయిని, అన్న కిరాణా కొట్లో కూర్చునే అమ్మాయిని శ్రామికురాలిగా గుర్తించటం మంచిదే. మనం ఎప్పటి నుంచో అడుగుతున్నదే అది. కానీ ఆ గుర్తింపును చూపించి ‘ఉపాధి పెరిగింది’ అంటే ఒప్పుకోకూడదు. ఆమె చేతికి రూపాయి రాలేదు. ఆమె పేరుతో పొలం లేదు, కొట్టు లేదు. ఆ పనిలో సెలవు లేదు. రేపు పెళ్ళయి వెళ్ళిపోతే ఆ పనికి సంబంధించిన అనుభవ పత్రం కూడా ఉండదు. నిన్నటి దాకా ఆమె శ్రమ కనిపించలేదు. ఇవాళ శ్రమ కనిపిస్తోంది, జీతం లేకపోవటం కనిపించటం లేదు.

ఉపాధి హామీలో కూడా ఇదే చిక్కు. 2005 నాటి చట్టం ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది. 2025 డిసెంబరులో దాని స్థానంలో తెచ్చిన చట్టం 125 రోజులంటోంది. రెండింటిలోనూ హామీ మనిషికి కాదు, కుటుంబానికి. ఇంట్లో తల్లీ తండ్రీ ఆ రోజులు వాడేసుకుంటే 20 ఏళ్ళ కూతురికి మిగిలేది ఏమీ లేదు. 18 ఏళ్ళు నిండిన ఆడపిల్లకు ఓటు విడిగా ఉంది. పని హక్కు మాత్రం ఇంటి యజమాని కార్డులో ఒక పేరుగా ఉంది.

ఎవరు ఎదురుచూడగలరు?

చదువు పెరిగితే ఉద్యోగం వస్తుందని మనమే ఊరూరా చెప్పాం. పిల్లల్ని బడికి పంపమని తల్లుల్ని బతిమాలాం. వాళ్ళు పంపారు. 2021–22 నాటికి దేశంలో కాలేజీ చదువుల్లో చేరే అమ్మాయిల నిష్పత్తి అబ్బాయిలతో సమానంగా, ఇంకా కొంచెం ఎక్కువగానే ఉంది. ఆ తర్వాత ఏమయింది? అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వేసిన నివేదిక ప్రకారం 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవటం, రాయటం రాని యువతలో 3.4 శాతం.

దీన్ని చూసి చదువు దండగ అనుకోకూడదు. చదువు రాని వాళ్ళకు మంచి పనులు దొరుకుతున్నాయనీ అనుకోకూడదు. నిరుద్యోగిగా ఉండాలన్నా ఇంట్లో తిండి ఉండాలి. కూలి తల్లి కూతురు పని దొరికేదాకా ఎదురుచూడలేదు. తెల్లవారితే ఏదో ఒక పనికి పోవాలి. అందుకే ఆమె ఎప్పుడూ ‘ఉపాధిలో ఉన్న’ మనిషిగానే కనిపిస్తుంది.

అయితే కూలి కుటుంబాల్లో కూడా ఇప్పుడు డిగ్రీ చదివిన మొదటి తరం అమ్మాయిలు వచ్చారు. దళిత వాడల్లో, తండాల్లో తిరిగే కార్యకర్తలకు ఇది బాగా తెలుసు. కిందటేడు పత్తి ఏరే రోజుల్లో ఒక వాడలో మీటింగు పెట్టాం. ఒక తల్లి నాతో గొడవ పెట్టుకుంది. ‘మీ మాటలు విని చదివించిన. ఇప్పుడు చేన్లకు రమ్మంటే రానంటది, కొలువు సూస్తే లేదు. రెండిటికీ చెడ్డది’ అంది. కూతురు అక్కడే ఉంది. ఆ అమ్మాయి తలెత్తకుండా అన్న మాట నేను రాసుకున్నాను. ‘చేన్ల పని తప్పని కాదు. నేను చేన్లకు పోతే, ఊళ్ళో దొరలు మా అమ్మను పిలిచినట్టే నన్నూ పిలుస్తరు. అందుకే చదివిన’ అంది.

ఇది పనిదొంగతనం కాదు. ఆ అమ్మాయి పనిని కాదనటం లేదు, ఆ పనితో పాటు వచ్చే పిలుపును కాదంటోంది. ఉద్యోగమంటే ఆమెకు జీతం ఒక్కటే కాదు. కులం పెట్టిన చోటు నుంచి బయటకు నడిచే దారి. ఈ విషయం అర్థం చేసుకోకుండా ‘ఈ కాలం పిల్లలకు ఒళ్ళు వంగదు’ అని మన సమావేశాల్లోనే కొందరు మాట్లాడుతుంటారు. దయచేసి ఆ మాట మానుకుందాం.

‘ఈ ఒక్క సంవత్సరం’

ప్రభుత్వ ఉద్యోగం కోసం చదివే అమ్మాయిల గురించి వేరేగా చెప్పాలి. హైదరాబాదు అశోక్‌నగర్ ప్రాంతంలో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటూ లైబ్రరీలో సీటు కోసం తెల్లవారుజామునే లేచి పోయే అమ్మాయిల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. వాళ్ళతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒక మాట వినపడుతుంది. ‘ఈ ఒక్క సంవత్సరం అడిగి వచ్చిన మేడం.’ ఎవర్ని అడిగింది? నాన్నను. దేనికి బదులుగా? పెళ్ళికి.

తెలంగాణలో 2022లో గ్రూప్–1 కింద 503 పోస్టులకు ప్రకటన వచ్చింది. సుమారు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరులో ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు ఆ పరీక్షనూ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రకటననే వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. రెండేళ్ళు ఇలా గడిచాయి.

ఈ రెండేళ్ళు అబ్బాయికీ నష్టమే. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోలేక, ఊరికి మొహం చూపించలేక వాళ్ళు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ అమ్మాయి విషయంలో ఇంకో లెక్క నడుస్తుంటుంది. ఆమె వయసును ఇంటిల్లిపాదీ నెలనెలా లెక్కపెడుతుంటారు. పరీక్ష రద్దయిన రోజు అబ్బాయి ఇంటి నుంచి ‘మళ్ళీ రాయి’ అని ఫోను వస్తుంది. అమ్మాయి ఇంటి నుంచి ‘ఇక చాల్లే, వచ్చెయ్’ అని వస్తుంది. ఒక కమిషన్ నిర్లక్ష్యం ఆమె విషయంలో పెళ్ళి ముహూర్తంగా మారుతుంది. పరీక్షలు సకాలంలో, సక్రమంగా జరపమనేది స్త్రీల హక్కుల డిమాండ్ అని నేననేది ఇందుకే.

మన రాష్ట్రాల స్త్రీలకు ఈ విషయంలో ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో ప్రభుత్వోద్యోగ నియామకాల్లో స్త్రీలకు 30 శాతం వాటా తెచ్చింది. దాన్ని సవాలు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995లో జస్టిస్ సుజాతా మనోహర్ రాసిన తీర్పు, రాజ్యాంగంలోని 15(3) అధికరణం కింద ఉద్యోగాల్లోనూ స్త్రీలకు ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యవచ్చని స్పష్టంగా చెప్పింది. దేశంలో చాలామంది స్త్రీలకు పనికొచ్చిన ఆ తీర్పు మన దగ్గర నుంచి పోయిన కేసులో వచ్చింది.

కానీ రిజర్వేషన్ పనిచెయ్యాలంటే పోస్టు ఉండాలి. ఉన్న పోస్టును నింపాలి. ప్రభుత్వం ఒక చేత్తో వాటా ఇచ్చి, ఇంకో చేత్తో పనిని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి అప్పగిస్తే ఆ వాటా కాగితం మీదే మిగులుతుంది. స్త్రీలు ఎక్కువగా చేసే పనులకైతే పోస్టు అనే పేరే పెట్టలేదు. ఆశాలు, అంగన్‌వాడీలు ‘గౌరవ’ కార్యకర్తలు. వాళ్ళకిచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. అంగన్‌వాడీ వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పటానికి 2022 దాకా పట్టింది. ఆ పథకం మొదలయింది 1975లో.

దొరికే పనులు ఎలా ఉన్నాయి?

అమ్మాయిలు పని దొరికినా చెయ్యటం లేదని ఒక వాదన ఉంది. ఏ పని దొరుకుతోందో చూద్దాం. చీరల షాపులో సేల్స్, ప్రైవేటు స్కూల్లో టీచరు, చిన్న ఆసుపత్రిలో నర్సు, గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుపని, కాల్ సెంటరు. నేను ఈ పనుల్లో ఉన్న చాలామందితో మాట్లాడాను. షాపులో పదకొండు గంటలు నిలబడాలి, బేరం లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు చట్టంలో చేర్చారు. కూర్చోవటం కోసం చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే ఆ పని ఎలా ఉంటుందో తెలుస్తోంది. ప్రైవేటు స్కూళ్ళలో చాలాచోట్ల వేసవి సెలవులకు జీతం ఉండదు. ఫ్యాక్టరీలో ‘ట్రైనీ’ అనే పేరు ఎన్ని నెలలైనా పోదు. నియామక పత్రం అడిగితే ‘ఇష్టముంటే చెయ్, లేకపోతే పో’ అంటారు. ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న ‘పెళ్ళెప్పుడు?’

పనికి పోవటం కూడా ఒక పనే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. వెక్కిరించినవాళ్ళు వెక్కిరించారు గానీ, దీనివల్ల చాలామంది అమ్మాయిలు పక్క మండలంలో, జిల్లా కేంద్రంలో పని వెతుక్కునే వీలు కలిగింది. అయితే టికెట్ లేకపోతే సరిపోదు, బస్సు ఉండాలి. షిఫ్టు రాత్రి ఎనిమిదికి అయిపోయి ఊరికి ఆఖరి బస్సు ఏడింటికే వెళ్ళిపోతే ఆ ఉద్యోగం ఆమెకు లేనట్టే.

ఇంటి సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. అంటే స్త్రీకి సుమారు అయిదు గంటలు. ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఈ అయిదు గంటలూ ఎవరూ పంచుకోరు. అన్నకు ఉద్యోగం వెతకటమే పని. చెల్లెలికి ఇంటిపని అయ్యాక, తీరిక ఉంటే, ఉద్యోగం వెతకవచ్చు.

‘అబ్బాయిలకే ఉద్యోగాల్లేవు కదా?’

మన మీటింగుల్లో తల్లులే ఈ ప్రశ్న వేస్తారు. తిట్టి ఊరుకుంటే లాభం లేదు, జవాబు చెప్పాలి. ఉద్యోగాలు తక్కువగా ఉన్న మాట నిజం. కానీ తక్కువగా ఉన్నదాన్ని ఎవరికి పంచాలనే ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆడపిల్లనే పక్కకు జరగమనటం న్యాయం కాదు. అన్నం తక్కువైనప్పుడు ఎవరు ఆఖర్న తింటారో మనకు తెలుసు. రాజ్యాంగం 39(ఎ) అధికరణంలో జీవనోపాధి హక్కును ‘స్త్రీ పురుషులకు సమానంగా’ అని రాసింది. 41వ అధికరణం పని హక్కు గురించి చెప్పింది. ఇవి కోర్టుకు పోయి నేరుగా అమలు చేయించుకోగలిగిన హక్కులు కావు, ప్రభుత్వాలకు ఆదేశిక సూత్రాలు. కానీ అడగటానికి ఆధారాలు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలను తల్చుకోండి. దెబ్బలు తిని వచ్చిన మనిషిని ‘నీకు ఏం కావాలమ్మా’ అని అడిగితే చాలామంది మొదట అడిగేది కేసు కాదు, విడాకులు కాదు. ‘ఏదైనా పని చూపించండక్కా’ అంటారు. పదేళ్ళ కింద డిగ్రీ చదివి, ఒక్కరోజు కూడా జీతం అందుకోకుండా పెళ్ళయిపోయిన స్త్రీకి ముప్పై అయిదేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలతో మనం ఏం పని చూపించగలం? ఉద్యోగం ఉంటే హింస ఉండదని నేననను. ఉద్యోగం చేస్తూ జీతం మొత్తం అత్తగారి చేతిలో పెట్టి దెబ్బలు తినే స్త్రీలు మనకు తెలుసు. కానీ బయటకు రావాలనుకున్నప్పుడు సొంత ఖాతాలో కాస్త డబ్బు, ఒక అనుభవ పత్రం, తెలిసిన నలుగురు ఉన్న స్త్రీకి దారి వేరేగా ఉంటుంది. మనం హింస జరిగాక పదిహేనేళ్ళు పనిచేస్తున్నాం. చదువు అయిపోయిన రోజుకూ పెళ్ళి రోజుకూ మధ్య ఉన్న ఆ మూడు నాలుగేళ్ళను మాత్రం వదిలేస్తున్నాం.

మనం ఏం చెయ్యాలి?

మొదటిది, మన ఊళ్ళ లెక్క మనమే తీద్దాం. 18 నుంచి 29 ఏళ్ళ అమ్మాయిలున్న ఇళ్ళకు వెళ్దాం. తండ్రిని కాదు, అమ్మాయినే, వీలైతే విడిగా అడుగుదాం. ప్రశ్నలు ఎక్కువ వద్దు. ఏం చదివావు? ఇప్పుడు ఏం చేస్తున్నావు, దానికి డబ్బు నీ చేతికి వస్తుందా? పని దొరికితే చేస్తావా? ఎంత దూరం వెళ్ళగలవు? ఎవరు, ఏది అడ్డం? ఈ అయిదు చాలు. పది ఊళ్ళ లెక్క ఉంటే కలెక్టరు దగ్గర మన మాటకు బలం వస్తుంది. ఇక ప్రభుత్వ సర్వేలకు, 2027 జనగణనకు అమ్మాయిలు తమ జవాబు తామే చెప్పేలా ముందే ప్రచారం చేద్దాం.

రెండోది, పనిలో ఉన్నవాళ్ళ హక్కులు. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిపై కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు తీవ్రమైనవి, వాటి గురించి విడిగా చర్చించుకుందాం. కానీ వాటిలో మనం పట్టుకుని అడగదగ్గవి రెండున్నాయి. ఒకే రకం పనికి మనిషిని తీసుకునేటప్పుడు గానీ, జీతమిచ్చేటప్పుడు గానీ ఆడ మగ తేడా చూపకూడదని వేతనాల కోడ్ అంటోంది. ఇది 1976 నాటి సమాన వేతన చట్టం నుంచి వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ అంటోంది. మన మండలంలో ఎన్ని షాపులు, స్కూళ్ళు, ఆసుపత్రులు ఇస్తున్నాయో ఒక జాబితా తయారు చేద్దాం.

మూడోది, లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం. ట్రైనీ, అప్రెంటిస్, కాంట్రాక్టు మనిషి అందరూ దాని కిందకు వస్తారు. ‘నువ్వు పర్మనెంటు కాదు, నీకు చట్టం వర్తించదు’ అని యాజమాన్యం అంటే అది అబద్ధం. పది మంది కంటే తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు తీసుకోవటానికి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. మీ జిల్లాలో అది ఎక్కడుంది, ఎవరున్నారు అని కనుక్కుని వచ్చే తరగతులకు రండి.

నాలుగోది, ఊరికి సంబంధించినవి. షిఫ్టు వేళకు బస్సు, పట్నంలో తక్కువ ఖర్చుతో వర్కింగ్ విమెన్స్ హాస్టలు, పని స్థలంలో మరుగుదొడ్డి, పిల్లల కేంద్రం. వీటిని ‘సౌకర్యాలు’ అనటం మానేద్దాం. ఇవి లేకపోతే ఉద్యోగం లేదు కనుక ఇవి ఉద్యోగ హక్కులో భాగమే.

చివరగా మనం వాడే మాట. ఇంటికి వెళ్ళి ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని అడిగినప్పుడు, ‘ఇంటి దగ్గరే ఉంటోంది’ అని జవాబు వస్తే అక్కడితో ఆగొద్దు. ఆ అమ్మాయిని పిలిపించండి. ఆమె మాట వినండి. మూడు నెలల తర్వాత మళ్ళీ కలిసినప్పుడు ఒక్కొక్కరి దగ్గరా కనీసం ఒక ఊరి లెక్క ఉండాలని కోరుతున్నాను. ఆ లెక్కలు ముందు పెట్టుకుని మన డిమాండ్ల పత్రం రాద్దాం.